ఒంటరి నావికుడు

ఇంగ్లండు దేశమున ఆ కాలమున పురుషులకు 65 సంవత్సరములు నిండినంతనే ప్రభుత్వము వృద్ధాప్యపు పింఛను నొసగుచుండెను. ఆ వయస్సు వచ్చినవారు సాధారణముగా ఉద్యోగ వ్యాపారముల నుండి విరమించి, ఇంటిపట్టున ఉండి, పూలమొక్కలు పెంచుకొనుచు, మనుమలతో ముచ్చటించుచు కాలము గడపెడివారు. అందులో తప్పేమియు లేదు. జీవితమంతయు శ్రమించినవారికి విశ్రాంతి న్యాయమే. కాని 1966వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన 65 సంవత్సరములు నిండిన ఒక ఆంగ్లేయుడు ఆ దినమున ఇంటిలో లేడు. అట్లాంటిక్ మహాసముద్రము నడుమ సుమారు 53 అడుగుల పొడవుగల తెరచాప పడవలో ఏకాకిగా ప్రయాణము చేయుచుండెను. చుట్టును కనుచూపుమేర నీరు తప్ప మరేమియు లేదు. అయినను ఆయన ఆ సాయంకాలము విందునకు పోవువానివలె మఖమలు కోటు ధరించి, తన జన్మదినమును తానే జరుపుకొనెను. ఆయన పేరు ఫ్రాన్సిస్ చిచెస్టర్.

భూమిని ఒంటరిగా చుట్టివచ్చుటకు ఆయన బయలుదేరెను. ఆ ప్రయాణమునకు కావలసిన తీరిక ఆయనకు ఊరక లభించినది కాదు. దానిని సంపాదించుటకు ఆయన పేదరికముతోను, వ్యాధితోను, వార్ధక్యముతోను పోరాడవలసి వచ్చెను.

చిచెస్టర్ 1901వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన ఇంగ్లండు నైరుతి భాగమున డెవన్ మండలములోని షర్వెల్ అను పల్లెలో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఆ ఇంటిలో క్రమశిక్షణ హెచ్చు, లాలన తక్కువ. బాలుడు తరచు ఒంటరిగా పొలముల వెంటను, తోపుల వెంటను తిరుగుచుండెడివాడు. చిన్నతనముననే అతనిని వసతి పాఠశాలకు పంపిరి. అతనికి చూపు మందము. దూరపు వస్తువులు స్పష్టముగా కనబడెడివి కావు. చదువులోగాని ఆటలలోగాని అతడు పేరు పొందలేదు. ఈ బాలుడు ఒకనాడు నక్షత్రములను, సూర్యుని చూచి సముద్రములపై దారి కనుగొనువారిలో మేటి కాగలడని ఆనాడు ఎవ్వరును ఊహించి యుండరు.

18 సంవత్సరముల ప్రాయమున ఆయన జేబులో 10 పౌనులు మాత్రము పెట్టుకొని న్యూజిలాండు దేశమునకు ఓడ యెక్కెను. అక్కడ గొఱ్ఱెల మందల వద్ద పనిచేసెను. అడవిలో చెట్లు నరికెను. బొగ్గుగనిలోనికి దిగెను. బంగారము కొరకు కొండవాగులు వెదకెను. ఇంటింటికి తిరిగి సరకులు అమ్మెను. ఏ పని చేసినను చేతికి కాయలు కాచినవేగాని చేతిలో ధనము నిలువలేదు. అయినను ఆయన అధైర్యపడలేదు. కొంతకాలమునకు ఒక మిత్రునితో కలిసి భూముల వ్యాపారము ప్రారంభించి, కలప తోటలు నాటించి, ధనము గడించెను. ఇల్లు విడిచిన పది సంవత్సరములకు, 1929వ సంవత్సరమున, ఆయన స్వదేశమునకు తిరిగివచ్చెను.

అప్పటికి విమానయానము కొత్త విద్య. చిచెస్టర్ విమానము నడుపుట నేర్చుకొనెను. ఆ విద్య ఆయనకు సులభముగా పట్టుబడలేదు. అయినను వదలక అభ్యసించి, జిప్సీ మాత్ అను చిన్న విమానమును కొని, 1929వ సంవత్సరము డిసెంబరు నెలలో ఇంగ్లండు నుండి ఒంటరిగా బయలుదేరి, 1930వ సంవత్సరము జనవరి 30వ తేదీన ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరము చేరెను. ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరినవారిలో ఆయన రెండవవాడు.

తరువాత ఆయన దృష్టి న్యూజిలాండునకును ఆస్ట్రేలియాకును నడుమనున్న టాస్మన్ సముద్రముపై పడెను. దాని వెడల్పు వేయి మైళ్లకు మించినది. ఆయన విమానము పట్టగలిగిన ఇంధనముతో అంత దూరము ఎగురుట సాధ్యము కాదు. దారిలో నార్‌ఫోక్ అను చిన్న ద్వీపము కలదు. అక్కడ దిగి ఇంధనము పోసుకొనినచో ప్రయాణము సాగించవచ్చును. కాని ఆ ద్వీపము సుమారు 5 మైళ్ల పొడవు మాత్రమే. సుమారు 480 మైళ్లు సముద్రముపై ఎగిరి, అంత చిన్న నేలను కనుగొనుట యెట్లు? గాలి విమానమును కుడికో ఎడమకో త్రోసివేసినచో ద్వీపము కంటబడదు. ఏ ప్రక్కకు వెదకవలెనో తెలియదు. వెదకుచుండగనే ఇంధనము తీరిపోవును.

చిచెస్టర్ దీనికొక ఉపాయము పన్నెను. ద్వీపము వైపునకు నేరుగా పోక, బుద్ధిపూర్వకముగా ఒక ప్రక్కకు తొలగి ఎగురవలెను. విమానము నడుపుచునే సెక్స్టెంట్ అను పరికరముతో సూర్యుని ఎత్తును కొలువవలెను. ద్వీపముతో సమానమైన రేఖను చేరితినని లెక్క తెలిపినంతనే, తాను తొలగిన ప్రక్క తనకు తెలిసినదే కనుక, నిస్సందేహముగా రెండవ ప్రక్కకు తిరిగిపోవలెను. 1931వ సంవత్సరము మార్చి నెలలో ఆయన ఇట్లే చేసెను. మలుపు తిరిగినపుడు ఎదుట సముద్రము తప్ప మరేమియు కనబడలేదు. మనస్సు తప్పుదారి పట్టితివని హెచ్చరించెను. లెక్క మాత్రము సరిగా ఉన్నదని చెప్పెను. ఆయన లెక్కనే నమ్మెను. ద్వీపము ఎదురుగ వచ్చెను. ఆ తరువాత దిగిన లార్డ్ హౌ ద్వీపమున తుపాను విమానమును చిన్నాభిన్నము చేయగా, అక్కడి ప్రజల సాయముతో వారముల తరబడి దానిని మరల కూర్చుకొని, ఆస్ట్రేలియా చేరెను. తూర్పు నుండి పడమటికి ఆ సముద్రమును ఒంటరిగా దాటిన మొదటి వైమానికుడు ఆయనయే.

ఆ సంవత్సరమే జపాను దేశములో ఒక రేవునకు అడ్డముగా కట్టిన తీగలకు విమానము తగులుకొని కూలిపోయెను. చిచెస్టర్ ప్రాణములతో బయటపడుటయే ఆశ్చర్యము. ప్రపంచమును విమానములో చుట్టివచ్చు కోరిక అంతటితో ముగిసెను. కాని ఆ కోరిక చచ్చిపోలేదు. 35 సంవత్సరముల తరువాత అది మరియొక రూపమున తీరవలసియుండెను.

1937వ సంవత్సరమున ఆయన షీలా అను యువతిని వివాహమాడెను. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినపుడు యుద్ధ విమానములలో పనిచేయగోరెను గాని, వయస్సును, మందదృష్టియు అందుకు అడ్డువచ్చెను. అందుచేత ఆయన వైమానికులకు దారి కనుగొను విద్యను బోధించుచు, ఆ విద్యపై గ్రంథములు వ్రాసెను. యుద్ధము ముగిసిన పిదప ప్రభుత్వము వద్ద మిగిలిపోయిన 15,000 పటములను కొని, వానిని అట్టలపై అంటించి, ముక్కలుగా కోయించి, కూర్చుకొని ఆడుకొను బొమ్మలుగా అమ్మెను. ఆ చిన్న వర్తకము నుండి క్రమముగా లండను నగరమున పటములు ప్రచురించు సంస్థ యొకటి వృద్ధి పొందెను. భార్యయు ఆ పనిలో ఆయనకు తోడ్పడెను. ఒక కుమారుడు కలిగెను. సంసారము కుదుటపడెను.

సామాన్యముగా ఇక్కడితో ఒక సాహసికుని కథ ముగియవలెను. కాని చిచెస్టర్ దినమెల్ల కాగితముల నడుమ కూర్చుండి, గాలికిని వెలుతురునకును పరితపించుచుండెను. విమానములపై ఖర్చు పెట్టుటకు శక్తి లేదు. 1953వ సంవత్సరమున, 52వ యేట, ఆయన ఒక పాత తెరచాప పడవను కొనెను. తొలి విమానముపై మమకారముచేత దానికి రెండవ జిప్సీ మాత్ అని పేరు పెట్టెను. పని నుండి దొరకిన సెలవు దినములన్నియు దానికే వినియోగించెను. తొలుత ఆయనకు తెరచాపలు కట్టుట కూడ సరిగా తెలియదు. చిన్నవారివద్ద సైతము సిగ్గుపడక నేర్చుకొనెను. ఆకాశమున నేర్చిన విద్య ఇప్పుడు నీటిపై అక్కరకు వచ్చెను. సూర్యుని కొలిచి దారి తెలిసికొను పద్ధతి విమానమునకును పడవకును ఒక్కటే కదా!

ఇట్లు కొన్ని సంవత్సరములు గడచెను. 1958వ సంవత్సరమున ఆయన తీవ్రముగా జబ్బుపడెను. ఊపిరితిత్తిలో క్యాన్సర్ వ్యాధి ఉన్నదని వైద్యులు చెప్పి, ఊపిరితిత్తిని తొలగింపవలెనని సలహా ఇచ్చిరి. అంత బలహీనస్థితిలో శస్త్రచికిత్సకు తట్టుకొనలేడని భయపడి భార్య అందుకు సమ్మతింపలేదు. ఆమె ఆయనను రాత్రింబగళ్లు కనిపెట్టి యుండెను. అది క్యాన్సర్ కాక మరియొక వ్యాధియై యుండవచ్చునని తరువాత కొందరు అభిప్రాయపడిరి. అది ఏదైనను, చిచెస్టర్ నెలల తరబడి శ్వాస ఆడక బాధపడెను. దేహము శుష్కించెను. మరణము దగ్గరపడినదని ఆయనయు తలచెను. తరువాత మెల్లమెల్లగా కోలుకొనెను.

కోలుకొనుచున్న దినములలో ఆయన ఒకనాడు నౌకాక్రీడా సంఘమునకు పోయి, అక్కడి ప్రకటనల పలకపై ఒక కాగితమును చూచెను. అట్లాంటిక్ మహాసముద్రమును పడవకు ఒక్కరు చొప్పున దాటు పందెమును గూర్చిన ప్రతిపాదన అది. హాస్లర్ అను నావికుడు దానిని వ్రాసెను. అది వెఱ్ఱి ఆలోచన యని పలువురు త్రోసిపుచ్చిరి. చిచెస్టర్ మాత్రము ఆ కాగితమును మరువలేకపోయెను. ఎవ్వరును ధనసహాయము చేయకున్నచో కేవలము అర్ధ క్రౌను నాణెము పందెముగా నైనను తాము పోవుదమని వారిద్దరు నిశ్చయించుకొనిరి. 1960వ సంవత్సరమున అయిదుగురు పోటీలో పాల్గొనిరి. చిచెస్టర్ మూడవ జిప్సీ మాత్ అను కొత్త పడవలో ఇంగ్లండులోని ప్లిమత్ రేవు నుండి బయలుదేరి, 40 దినములలో న్యూయార్కు చేరి, ప్రథముడుగా నిలిచెను. రెండేండ్ల క్రిందట మృత్యుశయ్యపై నున్న మనిషి ఈతడేనా యని లోకము విస్తుపోయెను.

ఆయన అంతటితో తృప్తి పొందలేదు. 1962వ సంవత్సరమున అదే దారిని మరల ఒంటరిగా 33 దినములలో దాటెను. 1964వ సంవత్సరమున జరిగిన రెండవ పందెములో 30 దినములలోపే గమ్యము చేరెను. కాని ఆ పందెములో టాబర్లీ అను ఫ్రెంచి యువకుడు ఆయనకంటె ముందుగా పోయి జయించెను. వేగమున యౌవనముతో పోటీపడుట కష్టమని చిచెస్టర్ గ్రహించెను. అప్పుడాయన మరింత దూరపు దారిని ఆలోచించెను.

పూర్వము ఆవిరి ఓడలు వ్యాపించుటకు ముందు క్లిప్పర్లు అను పెద్ద తెరచాప ఓడలు ఆస్ట్రేలియా నుండి ఉన్నిని ఇంగ్లండునకు తెచ్చెడివి. ఆఫ్రికా దక్షిణాగ్రము మీదుగా పోయి, దక్షిణ అమెరికా కొననున్న హార్న్ అగ్రమును చుట్టి అవి తిరిగి వచ్చెడివి. ఆ దారిలో భూమధ్యరేఖకు దక్షిణమున 40 డిగ్రీలు దాటిన పిదప గాలులు అడ్డులేక వీచుచుండును. నావికులు ఆ ప్రాంతమునకు గర్జించు నలుబదులు అని పేరు పెట్టిరి. అక్కడి అలలు కొండలవలె లేచును. ఒక్కొక్క క్లిప్పరులో పదులకొలది నావికులు పనిచేసెడివారు. చిచెస్టర్ ఆ ఓడల ప్రయాణ వృత్తాంతములను శ్రద్ధతో చదివెను. వారు పోయిన దారినే తానొక్కడే పోవలెననియు, సిడ్నీలో ఒక్కచోట మాత్రమే ఆగవలెననియు సంకల్పించెను. జాషువా స్లోకమ్ అను నావికుడు 1895వ సంవత్సరము నుండి 1898వ సంవత్సరము వరకు మొట్టమొదట ఒంటరిగా ప్రపంచమును చుట్టివచ్చియుండెను గాని, అతడు అనేక రేవులలో ఆగుచు మూడు సంవత్సరములు తీసికొనెను. చిచెస్టర్ సంకల్పించినట్టిది అంతకుముందు ఎవ్వరును చేసియుండలేదు.

ఈ యాత్ర కొరకు నాలుగవ జిప్సీ మాత్ నిర్మింపబడెను. బంధువులును, వర్తక సంస్థలును ధనసహాయము చేసిరి. 1966వ సంవత్సరము మార్చి నెలలో పడవను నీటిలోనికి దింపిరి. దింపిననాడే ఆయన మనస్సు క్రుంగెను. చిన్న అలలకే అది అటునిటు తూగుచుండెను. మెల్లని గాలికే ఒరిగిపోవుచుండెను. ఒక్క మనిషికి అది మించిన భారము. సరిచేయుటకు కొంత ప్రయత్నము జరిగినను లోపములు పూర్తిగా పోలేదు. ఇంకొక పడవను కట్టించుటకు ధనమును లేదు, వయస్సును ఆగదు. ఉన్న పడవతోనే ఆయన 1966వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన ప్లిమత్ రేవును విడిచెను.

ఉద్యోగము మానినవారికి పడవ ప్రయాణము హాయిగా కూర్చుండి గాలి పీల్చుకొను విహారమని తోచవచ్చును. చిచెస్టర్ దినచర్య అట్టిది కాదు. గాలి మారినప్పుడెల్ల, అది నడిరేయి యైనను, లేచి తెరచాపలు మార్చవలెను. చినిగినవానిని కుట్టవలెను. తూగుచున్న పడవలో రొట్టె కాల్చుకొనవలెను. వానకురిసినపుడు త్రాగునీరు పట్టుకొనవలెను. సూర్యుని కొలిచి, లెక్కలు వేసి, తానున్నచోటును పటముపై గుర్తింపవలెను. ఇవి చాలవన్నట్లు, ధనసహాయము చేసిన వార్తాపత్రికలకు రేడియో ద్వారా వర్తమానములు పంపవలెను. ఆయన నిద్రకు తరచు భంగము కలుగుచుండెను. చిరాకు కలిగినపుడు పడవను తిట్టెను. దిగులు కలిగినపుడు ఏకాంతమున క్రుంగెను. ఆయన వీరుడే గాని, బాధలు లేని వీరుడు కాడు.

ఒక్క మనిషి దివారాత్రములు చుక్కాని పట్టుకొని కూర్చుండజాలడు. గాలిని బట్టి తనంతట తాను చుక్కానిని త్రిప్పు పరికరము ఆ పడవకు అమర్చబడియుండెను. నవంబరు నెలలో, సిడ్నీ ఇంకను 2,000 మైళ్లకు పైగా దూరముండగా, గాలివానలో ఆ పరికరము విరిగిపోయెను. అది లేక ముందుకు పోవుట అసాధ్యమనుకొని, చిచెస్టర్ పడవను దగ్గరనున్న ఫ్రిమాంటిల్ రేవు వైపు మరలించెను. కాని మనస్సు అంగీకరింపలేదు. ఒక చిన్న తెరచాపను కట్టి, దానిని త్రాళ్లతో చుక్కాని పిడికి ముడివైచి, ప్రయోగములు చేయసాగెను. గాలి ఒక ప్రక్కకు మారినచో ఆ చిన్న చాప త్రాటిని లాగును. త్రాడు చుక్కానిని త్రిప్పును. పడవ మరల తన దారికి వచ్చును. పలుమార్లు విఫలుడై, చివరకు కృతకృత్యుడై, మరల సిడ్నీ వైపు తిరిగెను. డిసెంబరు 12వ తేదీన ఆ నగరము చేరెను. 100 దినములలో చేరవలెనని ఆయన ఆశించెను. 107 దినములు పట్టెను.

రేవున దిగిన ఆయనను చూచి భార్యాపుత్రులు నివ్వెరపోయిరి. ఆయన మిక్కిలి చిక్కిపోయియుండెను. ఒకరి ఊతము లేక నడచుటయే కష్టముగా నుండెను. అనుభవజ్ఞులైన నావికులు పలువురు ఆయన ఇంతటితో ఆగవలెనని హితవు చెప్పిరి. అట్టి పడవతో, అట్టి వయస్సున హార్న్ అగ్రమునకు పోవుట ప్రాణములు పోగొట్టుకొనుటయే యని పత్రికలు వ్రాసెను. ఆగినను ఆయనను ఎవ్వరును నిందించి యుండరు. సగము ప్రపంచము దాటిన కీర్తి అప్పటికే దక్కియుండెను. షీలా హృదయమున భయము లేకపోలేదు. కాని ఆయన కోరికను మొదటి నుండి ఎరిగినది ఆమెయే. ఆమె అడ్డుచెప్పలేదు. ఏడు వారములు అక్కడ ఆగి, పడవ అడుగుభాగమును మార్పించి, దేహమునకు కొంత బలము చేకూర్చుకొని, 1967వ సంవత్సరము జనవరి 29వ తేదీన ఆయన మరల బయలుదేరెను.

మరునాటి రాత్రియే పరీక్ష ఎదురయ్యెను. అది టాస్మన్ సముద్రము. 36 సంవత్సరముల క్రిందట విమానములో దాటిన సముద్రమే. గాలివాన ముదిరినందున చిచెస్టర్ తెరచాపలన్నియు దింపి, లోపలి గదిలో పడుకొనియుండెను. చీకటిలో ఒక పెద్ద అల పడవను ఎత్తి ప్రక్కకు పొరలించెను. తెరచాప కంబము నీటి క్రిందికి పోయెను. పళ్లెములు, సీసాలు, కత్తులు, పనిముట్లు, ఆహారపదార్థములు అన్నియు ఆయనపై కురిసెను. ఒక్క క్షణము ఆయనకు ఏది నేలయో ఏది పైకప్పో తెలియలేదు. తరువాత పడవ అడుగుననున్న బరువు దానిని మెల్లగా నిలువబెట్టెను.

లోపలికి నీరు వచ్చియుండెను. గాజుపెంకులు నీటిలో చెల్లాచెదరుగా పడియుండెను. పైనున్న కొన్ని చాపలును త్రాళ్లును కొట్టుకొనిపోయెను. సిడ్నీ ఇంకను దగ్గరనే యున్నది. వెనుకకు మరలినచో సాయము దొరకును. చిచెస్టర్ ఆ చీకటిలో తనకు తాను చెప్పుకొనవలసిన సమాధానమును చెప్పుకొనెను. నీరు తోడెను. తడిసిన పడకపైననే కొంతసేపు నిద్రించెను. తెల్లవారిన పిదప ముందుకే సాగెను. అటు తరువాత వస్తువులు ఎగిరి పైకప్పునకు కొట్టుకొనిన మరకలను పరిశీలించి, పడవ నిలువు స్థితి నుండి సుమారు 130 డిగ్రీలు తిరిగెనని లెక్కకట్టెను. మృత్యువు సమీపమునకు వచ్చి పోయిన జాడను కూడ కొలిచి చూచుట ఆయన స్వభావము.

మార్చి నెలలో ఆయన హార్న్ అగ్రమును చేరెను. ఎన్నో ఓడలను మ్రింగిన ఆ చోట మనుష్యమాత్రుడు కనబడడని తలచియుండగా, ఎదుట బ్రిటిషు నౌకాదళపు ఓడ యొకటి నిలిచియుండెను. పైన ఒక విమానము తిరుగుచుండెను. వారు ఆయన క్షేమము తెలిసికొనుటకు వచ్చిరి. ఏకాంతమును కోరిన ఆ వృద్ధునకు అది అంత రుచింపలేదు. కొంతసేపటికి వారును మరలిపోయిరి. ఆయన మరల ఒంటరియై, అట్లాంటిక్ మహాసముద్రములో ప్రవేశించి, ఉత్తరమునకు తిరిగెను.

1967వ సంవత్సరము మే 28వ తేదీ సాయంకాలమున జిప్సీ మాత్ ప్లిమత్ రేవును చేరెను. సిడ్నీ నుండి 119 దినములు పట్టెను. మొత్తము 226 దినములు ఆయన సముద్రముపై గడపెను. దాటిన దూరము 29,000 మైళ్లకు పైబడినది. ఒడ్డున సుమారు రెండున్నర లక్షల ప్రజలు గుమిగూడిరి. చిన్న పడవలు వందలుగా ఎదురేగెను. జూలై 7వ తేదీన గ్రీనిచ్‌లో రెండవ ఎలిజబెత్ రాణి ప్రజలందరి యెదుట ఆయన భుజమును ఖడ్గముతో తాకి సర్ బిరుదముతో సత్కరించెను. సుమారు నాలుగు శతాబ్దములకు పూర్వము, ప్రపంచమును చుట్టివచ్చిన డ్రేక్ అను నావికుని మొదటి ఎలిజబెత్ రాణి సత్కరించిన ఖడ్గమే అది.

ఆయన సత్కారములతో తృప్తిపడి ఊరకుండలేదు. 1971వ సంవత్సరమున అయిదవ జిప్సీ మాత్‌లో ఆఫ్రికా తీరము నుండి మధ్య అమెరికాకు 4,000 మైళ్లను 20 దినములలో దాటుటకు ప్రయత్నించెను. 22 దినములు పట్టెను. మరుసటి సంవత్సరము జూను నెలలో అట్లాంటిక్ పందెమునకు మరల బయలుదేరెను. అప్పటికి ఆయన దేహమున వ్యాధి మరల ప్రబలియుండెను. కొన్ని దినములకే తాను ఇక ముందుకు పోజాలనని ఆయన గుర్తించెను. విమానములో ద్వీపమును వెదకినపుడు లెక్కను నమ్మినట్లే, ఇప్పుడును ఉన్న స్థితిని ఉన్నట్లు గ్రహించి, పడవను వెనుకకు మరలించెను. కుమారుడును, నౌకాదళమువారును పడవ నెక్కి దానిని ప్లిమత్ రేవునకు చేర్చిరి. ముందుకు సాగవలసినపుడు సాగుట యెట్లో ఎరిగిన ఆ నావికుడు మరలవలసినపుడు మరలుటయు ఎరుగును. 1972వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన, 71వ జన్మదినమునకు కొన్ని దినముల ముందు, ఆయన కన్నుమూసెను. ఆయనను జన్మస్థలమైన షర్వెల్ గ్రామముననే సమాధి చేసిరి.

చిచెస్టర్ అన్ని విధముల ఇతరులకంటె బలవంతుడు కాడు. చూపు మందము, ఊపిరితిత్తులు దుర్బలము, పడవ లోపభూయిష్టము, వయస్సు మీరినది. ఈ ప్రయాణము మానుకొనుటకు ఆయనకు ఎన్నో కారణములు కలవు. ఆ కారణములన్నియు సత్యములే. కాని వానితోపాటు మరియొక సత్యమును ఆయన ఎరుగును. పనులన్నియు తీరిన పిదప తీరిక తనంతట తాను వచ్చునని ఎదురుచూచువానికి అది ఎన్నడును రాదు. ఆయన వర్తకము సాగించుచునే సెలవు దినములను పొదుపుచేసి నావికవిద్య నేర్చెను. జబ్బు నుండి లేచినంతనే పందెమునకు సిద్ధపడెను. అందుచేతనే ఇతరులు పనిముట్లు దించు వయస్సున ఆయన తెరచాప ఎత్తగలిగెను.

ఆయన పడవను ప్రజలు చూచుటకై గ్రీనిచ్‌లో ఒడ్డునకు చేర్చి ఉంచిరి. అనేక సంవత్సరములు అది ఎండకు ఎండి, వానకు తడిసి శిథిలమయ్యెను. దానిని మరల బాగుచేసి, 2005వ సంవత్సరమున నీటిలోనికి దింపిరి. అది రెండవమారు ప్రపంచమును చుట్టి, 2007వ సంవత్సరమున తిరిగి వచ్చెను. ఈ మారు పడవలో పనిచేసినవారిలో బాలబాలికలును గలరు. 65 సంవత్సరముల వృద్ధుడు ఒంటరిగా పట్టుకొనిన చుక్కానిని వారు వంతులవారీగా పట్టుకొని నడపిరి.